నాయనమ్మ ఇల్లు ఖాళీ చేసిన రోజు

పోయిన నెల మా అమ్మాయి పేర ఇల్లు రాసిద్దామని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసుకి ఎదురుగా ఉన్న చిన్న గదిలో ఒక కుర్ర వకీలు కంప్యూటరు ముందు కూర్చుని కాగితాలు తయారుచేస్తున్నాడు. తలెత్తకుండానే, "షరతులేమైనా పెట్టమంటారా మేడమ్? అమ్మాయిగారు మిమ్మల్ని చూసుకోకపోతే ఇచ్చింది రద్దు చేసుకోవచ్చని ఒక ముక్క రాయిస్తే మీకే మంచిది. ఇప్పుడందరూ రాయించుకుంటున్నారండి" అన్నాడు. మా అమ్మాయి పక్కనే ఉంది. మొహం చిన్నబుచ్చుకుంటుందేమోనని చూశాను. అదేం లేదు. "రాయించేయమ్మా, నీ ధైర్యం నీకుంటుంది" అంది. "ఏమేం చూసుకోవాలో కూడా రాయాలా బాబూ?" అని అడిగాను. "రాయొచ్చండి. తిండి, బట్ట, మందులు. ఇంకేమైనా ఉంటే చెప్పండి, టైపు చేస్తాను" అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు నవ్వు. ఆపుకుందామంటే ఆగదే! మా నాయనమ్మ తన ఇల్లు ఇచ్చేసిన రోజున, సందులో జనమంతా వింటుండగా, ఏకరువు పెట్టిన షరతులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి మరి. అవి చెబితే ఆ అబ్బాయి నన్ను ముందు డాక్టరుకి చూపించుకుని రమ్మనేవాడు.

మాది దూది ఏకే ఇల్లు. తిరువూరు బస్టాండు వెనక సందులో పెంకులు కప్పిన మూడు గదులు, ముందు పెద్ద వసారా. మా నాన్న విస్సన్నపేటలో లారీ మెకానిక్కు. అమ్మా, నాన్నా, తమ్ముడూ అక్కడుండేవాళ్ళు. నేను మాత్రం నాయనమ్మ మస్తాన్‌బీ దగ్గర, మేనత్త కాశింబీ దగ్గర పెరిగాను. బడి దగ్గరని పైకి చెప్పేవాళ్ళు కానీ అసలు సంగతి వేరు. అత్తకి పెళ్ళయిన కొన్నాళ్ళకే మామయ్య పోయాడు, పిల్లలు లేరు. నాకేమో అత్తంటే ప్రాణం. వసారా దూలానికి పెద్ద విల్లు వేలాడుతుండేది. దాని తాడుని కొయ్యగుండుతో కొడుతుంటే టంగు టంగుమని మోత, ఆ మోతకి గడ్డకట్టిన దూది విడిపోయి గాల్లోకి లేవడం, ఇదే నా చిన్నతనం. అన్నంలో దూది, టీలో దూది, అత్త కనుబొమ్మల మీద దూది. పొద్దున్నే నాకు జడ వేసేముందు అత్త నా తలలోంచి దూది ఏరేది. ఎంత ఏరినా కొంత మిగిలిపోయేది. బళ్ళో పిల్లలు నన్ను "ముసలమ్మా" అని పిలిచేవాళ్ళు. ఎండబోసిన బూరుగు దూది వాసన, కొత్త పరుపు గుడ్డల గంజి వాసన, నాయనమ్మ నోట్లోంచి తాంబూలం వాసన కలిసి ఆ వసారా ఎప్పుడూ పెళ్ళివారిల్లులా ఉండేది. నిజానికి పెళ్ళివాళ్ళే వచ్చేవాళ్ళు. ముహూర్తాల రోజుల్లో రెడ్డిగూడెం నుంచి, వినగడప నుంచి పరుపులకి బయానా ఇవ్వడానికి వచ్చి, నాయనమ్మతో ముచ్చట్లలో పడి బస్సు తప్పిపోయినవాళ్ళు చాలామంది.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పరుపు కుట్టడం అయిపోయి చివరి ముడి పడ్డాక, దాని మీద మేం కూర్చోకూడదు. చెయ్యి ఆనించినా తప్పే. ముడి పడిన క్షణం నుంచి అది ఇంకొకరి సొత్తు. ఒకసారి బడినుంచి వచ్చి, అప్పుడే కుట్టి గోడకి ఆనించిన పరుపు మీద వాలిపోయాను. నాయనమ్మ అంత మోకాళ్ళ నెప్పులతోనూ లేచొచ్చి నా వీపు విమానం మోత మోగించింది. "పెళ్ళికూతురు కూర్చోవాల్సిన చోట నువ్వు దొర్లుతావంటే! అప్పగించిన పరుపు మీద కూర్చుంటే అన్నం పుడుతుందా మనకి?" అంది. ఆ మాటని ఆమె దేవుడి మాటతో సమానంగా చూసేది.

అప్పటికి నాయనమ్మకి మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. విల్లు అత్త చేతికి వచ్చింది, నాయనమ్మ కూడా అత్త చేతికి వచ్చింది. పొద్దున్నే వావిలాకు వేసి కాచిన నీళ్ళతో మోకాళ్ళు కడిగి, నువ్వులనూనె రాసి, పాత దూది వేడిచేసి కాపడం పెట్టేది అత్త. తర్వాత టీ. కప్పులో ఇస్తే తాగేది కాదు నాయనమ్మ, సాసర్లో పోసివ్వాలి, అదీ మీగడ తీసి. పళ్ళు లేవు కాబట్టి మాంసం ఉడికాక మళ్ళీ రోట్లో నలగ్గొట్టాలి. నలగ్గొట్టినట్టు కనబడకూడదు. కనబడితే "నేనేమన్నా చంటిపిల్లనా?" అని పళ్ళెం తోసేది. ఇద్దరికీ పొద్దస్తమానం పోట్లాటే. "నీకు నూనె రాసీ రాసీ నా చేతుల గీతలు అరిగిపోయాయి" అని అత్త. "అరగనీ, నీ రాత ఎలాగూ బాగాలేదుగా" అని నాయనమ్మ. అంతలోనే ఇద్దరూ విరగబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో నేను కూడా కలిసేదాన్ని, ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా.

ఒక వానాకాలం నాయనమ్మకి జ్వరం తగిలింది. రెడ్డిగూడెంలో మామిడికాయల వ్యాపారం చేసే పెదనాన్న చూడ్డానికి వచ్చాడు. అత్తకి తమ్ముడు, మా నాన్నకి అన్న. దూది పని నామోషీ అని చిన్నప్పుడే ఇల్లు వదిలి తోటల కౌళ్ళలోకి వెళ్ళినవాడు. చెడ్డవాడు కాదు, వచ్చినప్పుడల్లా గంపెడు కాయలు తెచ్చేవాడు. ఆ రోజు అన్నం తింటూ పైకప్పు వంక చూసి, "అమ్మ తర్వాత ఈ ఇల్లు అమ్మేసి ఎవరి వాటా వాళ్ళం తీసుకుందాం. అక్కకేం, మా ఇంట్లో ఉంటుంది" అన్నాడు. వాతావరణం సంగతి మాట్లాడినంత మామూలుగా అన్నాడు. వడ్డిస్తున్న అత్త చెయ్యి ఆగింది. పక్కగదిలో కళ్ళు మూసుకుని పడుకున్న నాయనమ్మ కళ్ళు తెరిచింది. నేను ఆమె పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. తమ్ముడి ఇంట్లో అత్తకి అన్నం దొరుకుతుంది, సందేహం లేదు. కానీ విల్లు వేలాడదీయడానికి దూలం దొరకదు. పనిచేసుకుని తలెత్తుకు బతికిన మనిషి, ఇంకొకరి వంటింట్లో అందరూ తిన్నాక తినే మనిషి అవుతుంది. పదేళ్ళ దాన్నయినా నాకది అర్థమైంది, ఏడుపొచ్చింది. నాయనమ్మ మాత్రం ఏడవలేదు. జ్వరం తగ్గగానే ఎవరైనా కోర్టు మనిషి పరుపుకి వస్తాడేమోనని కాచుక్కూర్చుంది.

వచ్చాడు. కూతురి పెళ్ళికి పరుపులు కుట్టించుకోవడానికి ఒక పెద్ద వకీలుగారు వచ్చి వసారాలో కూర్చున్నారు. నాయనమ్మ ఆయనకి టీ ఇప్పించి, మెల్లిగా కదిపింది. "మా కాశింబీకి ఇల్లు రాద్దామనుకుంటున్నా బాబూ. వీలునామా రాస్తే సరిపోద్దా?" ఆయన తల అడ్డంగా ఊపారు. "మీ ధర్మం ప్రకారం వారసురాలికి వీలునామా రాస్తే మీరు పోయాక మిగతా వారసులు ఒప్పుకోవాలమ్మా. ఒప్పుకోకపోతే అంతే. బతికుండగానే ఇచ్చేయండి, హిబా అంటారు. దానికి ముఖ్యంగా కావాల్సినవి, ఇస్తున్నానని మీరు నలుగురిలో చెప్పాలి, పుచ్చుకున్నానని ఆవిడ చెప్పాలి, ఇల్లు అప్పగించాలి." "అప్పగించడమంటే?" "మీరూ అందులోనే ఉంటున్నారు కదా. రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా, మీ సామానుతో ఒకసారి బయటికొచ్చి తాళంచెవి ఆవిడ చేతికివ్వండి. ఆ తర్వాత ఆవిడ రమ్మంటే వెళ్ళి ఉండండి. కాగితం నేను రాయిస్తాను." నాయనమ్మ ఆ మాటలన్నీ రెండుసార్లు చెప్పించుకుంది. చివరి మాట మాత్రం ఆమె చెవికి ఎక్కలేదని మాకు తర్వాత తెలిసింది.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక సందులో పదిమందీ చేరారు. వకీలుగారు వచ్చారు. మా నాన్న కూడా విస్సన్నపేట నుంచి వచ్చి, "అక్కకి ఇస్తే నాకిచ్చినట్టే" అని అందరి ముందూ చెప్పాడు. పెదనాన్నకి కబురు పంపారు కానీ అప్పటికింకా రాలేదు. నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని, ట్రంకు పెట్టె, వక్కాకు డబ్బా, దిండు నా చేత మోయించి, మా నాన్న భుజం పట్టుకుని గడప దాటింది. తాళంచెవి అత్త అరచేతిలో పెట్టి, "ఈ ఇల్లు నీకిచ్చాను" అని అందరికీ వినబడేలా అంది. అత్త తాళంచెవి వంకే చూస్తూ నిలబడింది. "పుచ్చుకున్నానని అనవే! నోట్లో దూది కుక్కుకున్నావా?" అని నాయనమ్మ గదమాయిస్తే, ఏడుస్తూ నవ్వుతూ "పుచ్చుకున్నానమ్మా" అంది అత్త. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాయనమ్మ ఎదురింటి మరియమ్మగారి అరుగు మీద కూర్చుంది. మరియమ్మగారు మిషన్ బడిలో టీచరు, నాయనమ్మని వదినా అని పిలిచేది. అందరికీ షర్బత్ ఇచ్చారు. వకీలుగారు సెలవు తీసుకున్నారు. అప్పుడు అత్త ఎదురింటి ముందుకొచ్చి, "పద అమ్మా, లోపలికి" అంది.

"ఎక్కడికే?" అంది నాయనమ్మ. "ఇంట్లోకి." "అది నీ ఇల్లు. నేనెలా వస్తాను? అప్పగించిన పరుపు మీద కూర్చుంటామా ఎక్కడైనా?" ముందు అందరూ వేళాకోళం అనుకున్నారు. నాన్న బతిమాలాడు. మరియమ్మగారు, "వదినా, పరుపుకీ ఇంటికీ పోలికేంటి? వకీలుగారు వెళ్ళి ఉండమన్నారుగా" అంది. "వకీలుకేం తెలుసు, ఆయనేమన్నా పరుపులు కుట్టాడా? నేను మళ్ళీ గడప తొక్కానంటే ఇచ్చింది ఇచ్చినట్టు కాదు. రేపు నా పెద్దకొడుకు అదే అంటాడు. నా కూతురి నోటికాడి ముద్ద నేనే తీసినట్టవుద్ది" అంది నాయనమ్మ. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మా నాయనమ్మ. కానీ ఆ రోజు అది మొండితనం కాదు, భయం. ఆ భయం కూతురి గురించే. అత్త ఇంట్లోకెళ్ళి టీ కాచి సాసర్లో పోసి పంపింది. నేను తీసుకెళితే, "ఇంటావిడకి చెప్పు, పరాయి వాళ్ళకి ఇంత మర్యాద అక్కర్లేదని" అని చెప్పి తాగేసింది. పొద్దు వాలాక మోకాళ్ళకి మళ్ళీ నూనె రాసే వేళయింది. అత్త నూనె గిన్నె పట్టుకుని సందు దాటి వచ్చి, అరుగు మీదే కూర్చుని రాసింది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆగి చూస్తున్నారు. నాయనమ్మ దొరసానిలా కాళ్ళు చాపుకుంది.

అదే సమయానికి పెదనాన్న బస్సు దిగి వచ్చాడు. సందు మొదట్లోనే ఎవరో చెప్పారు కాబోలు, ముఖం జేవురించి ఉంది. "నాకు తెలియకుండా ఇల్లు రాసేస్తావా అమ్మా? నన్ను పరాయివాణ్ణి చేస్తావా?" అని అరిచాడు. నాయనమ్మ వక్కాకు డబ్బా తెరిచింది. అక్కణ్ణుంచి ఆయన కోపం మరియమ్మగారి మీదికి మళ్ళింది. "మీరెందుకండీ మధ్యలో?" అన్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆవిడ తెల్లబోయింది. తన అరుగు వాళ్ళకి ఇచ్చినందుకు వచ్చిన తంటా అది. పెదనాన్న అంతలోనే తల్లి ట్రంకు పెట్టె చూశాడు. "సరే, పద. మా ఇంటికి రా. నీకిక్కడ ఇల్లు లేదుగా" అని పెట్టె ఎత్తాడు. ఆయన అన్నది న్యాయమే కదా! ఇల్లు అత్తది, నాయనమ్మ రానంటోంది, ఇంక మిగిలింది రెడ్డిగూడెమే. ఇల్లొచ్చిన పూటే అత్తకి అమ్మ పోయేలా ఉంది. అత్త నూనె చేతులతో అలాగే నిలబడిపోయింది. తర్వాత గబగబా సందు దాటి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాం.

మామయ్య ఉన్న రోజుల్లో కుట్టుకున్న తన పాత పరుపుని ఈడ్చుకుంటూ వసారాలోకి వచ్చింది అత్త. దాన్ని గడప దగ్గర పడేసి, నడుముకి కొంగు బిగించి, మా నాయనమ్మని ఎన్నడూ చూడనట్టు పిలిచింది. "ఏమమ్మోయ్, దూది ఏకే మస్తాన్‌బీ గారూ! మా ఇంట్లో పాత పరుపుంది. దూదంతా గడ్డకట్టింది. కుట్లు విప్పి, ఏకి, మళ్ళీ కుట్టాలి. పనికొస్తారా?" పాత పరుపు బాగుచెయ్యమని ఇంటివాళ్ళు పిలిస్తే, దాని మీద దర్జాగా కూర్చోవచ్చు. అందులో తప్పులేదు, అది కూడా మా పని ధర్మమే. నాయనమ్మ బోసినోరు మెల్లిగా విచ్చుకుంది. వెంటనే ఒప్పుకుంటే ఆమె మస్తాన్‌బీ ఎలా అవుతుంది? "వస్తానమ్మా. కానీ నా బేరాలు నాకుంటాయి" అంది.

ఇక మొదలైంది బేరం. అటు వసారాలో అత్త, ఇటు అరుగు మీద నాయనమ్మ, మధ్యలో సందునిండా జనం. "పూటపూటా టీ సాసర్లో ఇవ్వాలి." "ఇస్తాం." "మీగడ తియ్యాలి." "తీసి నీకు చూపించి మరీ పారేస్తాం." "పారెయ్యొద్దు, పిల్లకి పెట్టండి. మాంసం నలగ్గొట్టాలి, నలగ్గొట్టినట్టు కనబడకూడదు." "సరే." "వారం వారం తలకి పొయ్యాలి. నీళ్ళు మరీ వేడిగా పొయ్యకూడదు. నా మీద అరవకూడదు." "అది కుదరదు. అరుస్తాం." "అయితే రోజుకొకసారే." "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి." "సరే, సాయంత్రం కాస్త నెమ్మదిగా." జనం పడీపడీ నవ్వుతున్నారు. మరియమ్మగారు కళ్ళు తుడుచుకుంటోంది. "మోకాళ్ళకి కాపడం?" అంది నాయనమ్మ. "ముందు కుడిమోకాలికి, ఎండ ఎక్కాక ఎడమదానికి. మబ్బుపట్టిన రోజు రెండిటికీ ఒకేసారి. మాకు తెలుసు" అంది అత్త. ఆ మాట దగ్గర నేను పెదనాన్న వంక చూశాను. ఆయన చేతిలో పెట్టె ఇంకా అలాగే ఉంది. తల్లి మోకాళ్ళ వంక చూస్తున్నాడు. ఏ మోకాలికి ముందో ఆయనకి తెలియదు. మబ్బుపడితే ఏం చెయ్యాలో అసలే తెలియదు. పెట్టె మెల్లిగా కింద పెట్టాడు.

బేరం కుదిరింది. కానీ అంతసేపు కాళ్ళు చాపి కూర్చున్న నాయనమ్మ లేవలేకపోయింది. పెదనాన్న వంగి ఆమెని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. మామిడి గంపలు ఎత్తిన చేతులు, సందు దాటడం ఎంతసేపు! మా గడప ముందుకొచ్చి ఆగిపోయాడు. తను పుట్టిన ఇల్లది. లోపల నిలబడ్డ అత్తని చూసి, "అక్కా, తీసుకురమ్మంటావా?" అని అడిగాడు. అంత జనంలో, అంత గట్టిగా, అడిగి గడప దాటాడు. వకీలుగారు రాయించిన కాగితం తర్వాత వచ్చింది, పంచాయతీలో ఇంటిపన్ను అత్త పేరుకి మారడం ఆ తర్వాత జరిగింది. నా లెక్కలో మాత్రం ఇల్లు అత్తదైంది ఆ ప్రశ్నతోనే. ఆ రోజు కలిగిన సంతోషం మళ్ళీ నా పెళ్ళిలో కూడా కలగలేదని మా ఆయన వినకుండా చెబుతుంటాను.

నాయనమ్మ ఆ పాత పరుపు మీద కూర్చుని పని మొదలుపెట్టింది. పని అయిపోతే మళ్ళీ ఇల్లు ఖాళీ చెయ్యాలి కదా, అందుకని అది ఎప్పటికీ అవ్వలేదు. పొద్దున కుట్టిన పక్కని సాయంత్రం విప్పేసేది. "దూది సరిగ్గా పరుచుకోలేదే" అనేది. "ఎన్నాళ్ళు కుడతావమ్మా? మంచి పనిమంతురాలివే" అని అత్త దెప్పేది. అది పొద్దుటి అరుపు కింద లెక్క. అలా కుడుతూ విప్పుతూ నేను హైస్కూలు దాటి, కాలేజీ దాటి, ఉద్యోగంలో చేరేదాకా ఉంది నాయనమ్మ. ఒక వేసవిలో, టీ తాగి, సాసరు అత్త చేతికిచ్చి, పరుపుకి ఆనుకుని నిద్రలోనే వెళ్ళిపోయింది. పరుపు ఒక పక్క కుట్టకుండానే ఉండిపోయింది.

ఇవన్నీ తలుచుకుని నవ్వాక, ఆ కుర్ర వకీలుతో షరతు రాయమనే చెప్పాను. రాయించుకోవడం మంచిదే. మా అత్తకి మా నాయనమ్మ దొరికింది, మా నాయనమ్మకి అత్తా, సందూ, మరియమ్మగారి అరుగూ దొరికాయి. ఇప్పుడు మేముండే చోట ఎదురింటివాళ్ళ పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు, నా షరతులకి సాక్ష్యం ఎవరుంటారు? కాగితమైనా ఉండాలి. ఎందరో ముసలివాళ్ళకి ఆ ఒక్క వాక్యమే దిక్కని కూడా విన్నాను. కానీ ఏ మోకాలికి ముందు కాపడం పెట్టాలో ఏ వకీలూ రాయలేడు. అది పక్కన కూర్చుని తెలుసుకోవాల్సిందే. ఇంటికొస్తూ ఆటోలో మా అమ్మాయికి పెదనాన్న చివరి రోజుల సంగతి చెప్పాను. అది దానికి తెలియదు.

పెద్దమ్మ పోయాక పెదనాన్న వ్యాపారం మానేశాడు. కొడుకులు మంచివాళ్ళే, వంతులు వేసుకుని చూసుకున్నారు. వంతు మారినప్పుడల్లా ఆయన సంచీ సర్దుకోవాల్సొచ్చేది. ఒకరోజు ఆ సంచీతో తిరువూరు బస్సెక్కాడు. నేను ఆ రోజు అత్త దగ్గరే ఉన్నాను. వచ్చి గడప బయట నిలబడ్డాడు. ఏదో అడగాలని ఉంది, నోరు రావడం లేదు. ఒకప్పుడు వాటా అడిగిన ఇల్లది, ఎలా అడుగుతాడు? అత్తకి అప్పటికి చూపు మందగించింది. అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టింది.

"ఏరా, వచ్చావా? అమ్మ పరుపు ఒక పక్క కుట్టకుండా మిగిలిపోయింది. మనుషులు దొరకట్లేదు. పనికొస్తావా?"

"నాకు దబ్బనం పట్టుకోవడమే రాదు కదక్కా."

"పని వచ్చినవాళ్ళని పిలిస్తే తొందరగా అయిపోద్దిరా."

పెదనాన్న చెప్పులు విప్పాడు. దబ్బనం పట్టడం ఆయనకి చివరిదాకా రాలేదు.